సర్కారు బొమ్మకు మా చిన్నాయన ముక్కు

మా చిన్నాయన ముఖంలో చెప్పుకోదగ్గది ఏమీ లేదు. వెడల్పాటి ముక్కు, ఉంగరాల జుట్టు, కాస్త లావు పెదవులు. మా గూడెంలో ఏ గడప ముందు నిలబడి పిలిచినా అలాంటి ముఖం ఒకటి బయటికి వస్తుంది. అద్దంలో చూసుకుంటే నాకూ దాదాపు అదే కనిపిస్తుంది. అలాంటి ముఖం ఉన్నందుకు ఒక మనిషి బస్సు ఎక్కలేకపోవడం, పెళ్ళాన్ని దవాఖానాకు తీసుకుపోలేకపోవడం నేను కళ్ళారా చూశాను. రెండువేల సంవత్సరం దాటిన తరువాతి మాట ఇది. భద్రాచలం నుంచి అడవిలోకి పోయే రోడ్డు దిగి, వాగు దాటితే మా కోయ గూడెం. నేను అప్పుడు మా ఊరి బడిలో విద్యా వాలంటీరును. తెలుగు తడుముకోకుండా చదివేది ఊళ్ళో నేనొక్కదాన్నే. ఏ గోడ మీద ఏ రాత పడినా నన్నే లాక్కుపోయేవాళ్ళు.

ఆ రోజుల్లో మా అడవిలో రెండు పక్షాలుండేవి. యూనిఫారాలతో రోడ్డు మీద నుంచి వచ్చేవాళ్ళను సార్లు అనేవాళ్ళం. తుపాకులతో గుట్టల మీద నుంచి దిగేవాళ్ళను అన్నలు అనేవాళ్ళం. ఇద్దరూ వచ్చి మంచినీళ్ళు అడిగేవాళ్ళు. ఇద్దరూ నీళ్ళు తాగి మూతి తుడుచుకుంటూ, అవతలివాళ్ళకు నీళ్ళెందుకిచ్చారని గద్దించేవాళ్ళు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు గానీ, మా దగ్గర పిల్లులు రెండు. మావాళ్ళు ఇద్దరికీ నీళ్ళిచ్చి, ఇద్దరికీ తలూపి, పోడులో కలుపు తీసుకోవడానికి పోయేవాళ్ళు.

మా చిన్నమ్మది జూలూరుపాడు వైపు. నోరున్న మనిషి, నవ్విందంటే నాలుగిళ్ళ అవతలికి వినపడేది. అప్పటికి ఆమెకు రెండు కాన్పులు ఇంట్లోనే అయ్యాయి. ఇద్దరు బిడ్డలూ దక్కలేదు. రెండోసారి ఆమే చావు దాకా పోయి వచ్చింది. మళ్ళీ నెల తప్పగానే చిన్నాయన ఆమెను భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయాడు. డాక్టరమ్మ కడుపు చూసి, ఆయనను వరండాలోకి పిలిచింది.

"నెలనెలా తీసుకొని రావాలె. కాన్పు మాత్రం ఇక్కడనే గావాలె. ఈసారి ఇంట్ల పెట్టుకున్నవనుకో, బిడ్డే కాదు, తల్లి గూడ దక్కదు."

చిన్నాయన ఆ మాట ఇంటికొచ్చి చెప్పినప్పుడు చిన్నమ్మ నవ్వలేదు. ఆ రోజు నుంచి ఆయన తలలో ఉన్నది ఒకటే పని, చిన్నమ్మను దవాఖానాకు చేర్చడం. వాగు ఎక్కడ లోతు తక్కువ, పొద్దున బస్సు ఎన్ని గంటలకు, వానాకాలంలో బస్సు రాకపోతే ఎవరి ఆటో దొరుకుతుంది, ఇవే లెక్కలు. నలుగురు కూర్చున్న చోట ఈ మాట తప్ప వేరే మాట మాట్లాడేవాడు కాదు. విని విని మాకే విసుగొచ్చేది.

సరిగ్గా అప్పుడే, ఎండలు ఇంకా ముదరకముందు, లారీలో బొమ్మలు దిగాయి.

ప్లైవుడ్ చెక్కను మనిషికన్నా ఎత్తుగా కోసి రంగులు వేసిన కటౌట్లు. సినిమా హాలు ముందు హీరోకు పెడతారే, అలాంటివే. రోడ్డు మీద చెక్‌పోస్టు దగ్గర ఒకటి పాతారు, మా ఊరి మలుపులో ఒకటి. ఊరంతా చూడ్డానికి పోయింది. నన్ను చదవడానికి ముందు నిలబెట్టారు. బొమ్మ ఒళ్ళంతా దీపం మసి నలుపు. ఎర్రటి కళ్ళు, బయటికి పొడుచుకొచ్చిన కోరలు, ఉంగరాల జుట్టు, ముఖంలో సగం ముక్కే. ఒక చేతిలో తుపాకి, ఇంకో చేతిలో ఎముక. వీపు వెనక ఒక చెట్టు. కాళ్ళ దగ్గర కోడిపిల్లంత మనిషి ఒకడు, ఆకుల లంగా కట్టుకొని, నెత్తిన ఈకలు గుచ్చుకొని, దండం పెడుతూ ఏడుస్తున్నాడు. కింద పెద్ద అక్షరాలతో ఇలా ఉంది: "వీడిని గుర్తు పట్టండి. మాకు చెప్పండి."

"ఎవడు బిడ్డా వీడు?" అన్నాడు మా ఊరి పెద్దమనిషి.

"అన్న అంట తాతా."

"మరి గీ చిన్నోడు?"

"అది మనమంట."

తర్వాత ఒక ముసలమ్మ ఆకుల లంగా మీద వేలు పెట్టి, "చలికాలం ఏం జేస్తడు పాపం?" అంది. అందరూ ఘొల్లుమన్నారు. ఇంకొకాయన, గొర్రు కాడి నుంచి నేరుగా వచ్చినవాడు, తన ప్యాంటును కిందికి చూసుకొని మళ్ళీ బొమ్మను చూశాడు. కానీ మావాళ్ళకు అసలు కోపం తెప్పించింది చెట్టు. తాడిచెట్టు కాదు, ఈత కాదు, జీలుగ కాదు. కల్లు గీసే ఊరికి వచ్చి ఏ చెట్టో చెప్పలేని చెట్టు గీస్తారా అని ఆ సాయంత్రమంతా అదే పంచాయితీ నడిచింది. కోరలవాడు ఎవరో మాకు పట్టలేదు. వాడు ఏ దూరదేశపువాడో అనీ, వాడు వస్తే చెప్పమంటున్నారనీ, అలాంటివాడు వస్తే మేమే ముందు పారిపోతామనీ అనుకొని ఇళ్ళకు పోయాం.

చెక్‌పోస్టులో ఉన్నవాళ్ళు మాత్రం అలా అనుకోలేదు. ఆ సంవత్సరం అక్కడికి ఎక్కడో ఉత్తరాది నుంచి కొత్త బలగం వచ్చింది. తెలుగు రాదు, కోయ అసలే రాదు. వాళ్ళకు మా ముఖాల్లో తేడా తెలిసేది కాదు. మాకూ వాళ్ళ ముఖాల్లో తేడా తెలిసేది కాదనుకోండి, కానీ మా దగ్గర తుపాకులు లేవు. గుర్తు పట్టమని పైనుంచి బొమ్మ వచ్చింది, వాళ్ళు గుర్తు పట్టడం మొదలుపెట్టారు.

మొదట దొరికింది మా చిన్నాయన. చిన్నమ్మను నెల పరీక్షకు తీసుకుపోతుంటే బస్సాపి దింపారు. ఆయనను బొమ్మ పక్కన నిలబెట్టారు. ఒకడు ఈయన ముక్కు చూసి బొమ్మ ముక్కు చూశాడు. ఇంకొకడు నోరు తెరవమని సైగ చేశాడు. చిన్నాయన తెరిచాడు. లోపల పొగాకు గార తప్ప ఏమీ కనపడలేదు. అక్కడ తెలుగు తెలిసినవాడు ఒక్క హెడ్డు కానిస్టేబులే. ఖమ్మంలో ఖానాపురం హవేలీ దగ్గర ఇల్లు కట్టుకొని, బదిలీ కోసం ఎదురుచూస్తున్న మనిషి. ఆయన వచ్చి, సంగతి విని, గంభీరంగా తీర్పు చెప్పాడు.

"కోరలు లెవ్వు. కని ముక్కు ఉన్నది. ఇయ్యాల్టికి ఇంటికి పో. నేను పైకి అడిగి చెప్త."

బస్సు అప్పటికే పోయింది. ఇద్దరూ ఎండలో నడుచుకుంటూ తిరిగొచ్చారు. మరుసటి నెల మళ్ళీ పోయారు. మళ్ళీ దింపారు, మళ్ళీ నోరు తెరిపించారు. నెల రోజుల్లో కోరలు వచ్చాయేమోనని చూశారు కాబోలు. పైనుంచి జవాబు రాలేదన్నాడు హెడ్డు. నాకు ఒళ్ళు మండి, చిన్నాయన ఇంట్లో ఉండనీ, చిన్నమ్మను నేను తీసుకుపోతానని బయల్దేరాను. నన్నూ దింపారు. హెడ్డు నన్ను, బొమ్మను మార్చి మార్చి చూసి అడిగాడు.

"నువ్వేమైతవ్?"

"ఎవరికి సార్?"

"బొమ్మకు."

"బొమ్మకు నేనేమైత సార్? చెక్కకు చుట్టాలుంటరా?"

ఈ జవాబు ఆయనకు నచ్చలేదు. ఎదురు మాట్లాడినందుకు మమ్మల్నిద్దర్నీ వెనక్కి పంపాడు. చిన్నమ్మ దారంతా రెండు చేతులూ కడుపు మీద పెట్టుకొని నడిచింది. నాకు ఏడుపు వచ్చింది, కానీ ఆమె ముందు ఏడవడానికి సిగ్గేసింది.

ఇక బొమ్మ గీసినవాణ్ణే పట్టుకుందామన్నాడు చిన్నాయన. ఆ గీత ఎవరిదో నేను చూడగానే పోల్చాను. భద్రాచలం బజార్లో తరతరాలుగా బోర్డులు రాసే సాయిబుల కుటుంబం ఒకటుంది. మా బడి గోడ మీద అచ్చులు, హల్లులు రాసింది వాళ్ళ ఇంటి పెద్దాయనే. నేను ఆయన్ను చాచా అంటాను. ఇద్దరం రోడ్డు వదిలి, గుట్ట చుట్టూ తిరిగి, గోదావరి ఒడ్డు పట్టుకొని నడిచి సంతనాడు ఆయన దుకాణానికి చేరాం. కడుపుతో ఉన్న మనిషి నడిచే దారి కాదది. చాచా మమ్మల్ని చూశాడు. చిన్నాయన ముఖం చూశాడు. కుంచె కింద పెట్టేశాడు.

"అల్లా తోడు భాయ్, నిన్ను జూసి గియ్యలే," అన్నాడు అడక్కముందే.

"నేనేమన్న అన్ననా?" అన్నాడు చిన్నాయన.

చాచా లోపలికి పోయి ఒక పాత పేపరు ముక్క తెచ్చాడు. ఎక్కడో దూరదేశంలో జరుగుతున్న యుద్ధం మీద ఎవరో గీసిన కార్టూను. గడ్డం, తలపాగా, చిలక ముక్కు, చేతిలో బాంబు. వెనక ఖర్జూరపు చెట్టు.

"సారు గిది ఇచ్చిండు. అచ్చం గిట్లనే గావాలె అన్నడు. గడ్డం తియ్, తలపాగ తియ్, ఉంగరాల జుట్టు పెట్టు, ముక్కు వెడల్పు జెయ్, కోరలు పెట్టు అన్నడు. చెట్టు సంగతి ఏం జెప్పలే. ఉంచిన."

మా ఊరి పంచాయితీ తేల్చలేని చెట్టు సంగతి అలా తేలింది. నేను నవ్వాపుకోలేకపోయాను. చాచా కూడా నవ్వాడు గానీ ఆ నవ్వు ఎక్కువసేపు లేదు.

"గీ బొమ్మ పేపర్ల వచ్చినప్పుడు చాయ్ హోటల్ల అందరు నన్ను జూసి నవ్విన్రు బిడ్డా. పోయినేడు నా ముక్కు. ఈయేడు మీ ముక్కు. వచ్చేయేడు ఎవనిదో."

"మరి ఆకులేంది చాచా? మేం ఎన్నడన్న నీ దుకాణంకు ఆకులు కట్టుకొని వచ్చినమా?"

"ముందుగాల లుంగీ, అంగీ వేసిన. సారు జూసి, వీడు అడివోడని ఎట్ల తెలుస్తది అన్నడు. అడివిల ఉన్నోళ్ళకు తెలుస్తది సార్ అన్న. కోపం జేసిండు. ఆకులు గీసిన."

చిన్నాయన ఇవేవీ వినడం లేదు. ఆయన వచ్చిన పని వేరు. దుకాణం అరుగు మీద కూర్చొని, బతిమాలుతున్నట్టు అడిగాడు.

"సాయిబన్నా, ఆ ముక్కు జరంత సన్నగ జెయ్యరాదా? నా పెండ్లాం దవాఖానకు పోవాలె."

చాచా చాలాసేపు తల గోక్కున్నాడు. "ముక్కు సన్నగ జేస్తే సారు ముక్కయితది భాయ్. అప్పుడు నేను పోవాలె జైలుకు."

అన్నల సంగతి కూడా చెప్పకపోతే అన్యాయం. వాళ్ళూ ఊరికే లేరు. కొన్నాళ్ళకు మా చింతచెట్ల మీద వాళ్ళ పోస్టర్లు వెలిశాయి. అందులో సారుకు పంది ముఖం, కుండంత పొట్ట, బూటు కింద నలుగుతున్న గుడిసె. సారుకు ఎదురుగా కండలు తిరిగిన మేము. తెగిన గొలుసులు చేతిలో పట్టుకొని, పిడికిలి ఎత్తి నిలబడి ఉన్నాం. గొలుసులు మాకెక్కడివి, మా ఎద్దులకే తాళ్ళు తప్ప గొలుసులు లేవు. పోనీ అనుకుందునా, అక్కడా మాకు ఆకుల లంగానే. నెత్తిన ఈకలే. ఒకరినొకరు చంపుకుంటున్న రెండు పక్షాలు ఈ ఒక్క సంగతిలో ఏకమయ్యాయి. పోస్టరు అంటించడానికి వచ్చిన పిల్ల మా పక్క గూడెం కోయపిల్లే. తనేమో పచ్చ ప్యాంటు, చొక్కా వేసుకొని ఉంది.

"ఆకులెందుకు చెల్లే?" అన్నాను.

"ప్రజలకు అర్థం గావాలె గదక్కా."

"ప్రజలంటే మనమే గద."

ఆమె జిగురు డబ్బా చేతిలో పట్టుకొని కాస్త ఆలోచించింది. "పైన గీసి పంపిన్రక్కా," అని, తొందర తొందరగా మూలలు ఒత్తి వెళ్ళిపోయింది.

ఇలా ఉండగా భూమి పండుగ వచ్చింది. తొలకరికి ముందు, విత్తనం వెయ్యడానికి ముందు చేసుకునే పండుగ మాది. మగవాళ్ళు విల్లంబులు పట్టుకొని అడవిలోకి వేటకు పోతారు. ఆడవాళ్ళం రోడ్డుకు అడ్డంగా తాడు కట్టి, వచ్చే బళ్ళను ఆపి, పాటలు పాడి చందా తీసుకుంటాం. సాయంత్రం మగవాళ్ళు ఏదో ఒక వేట భుజాన వేసుకొని రావాలి. ఉత్త చేతులతో వచ్చారా, ఊరి మొగదలలోనే పేడ నీళ్ళు కలిపిన కుండలతో ఎదురుపోయి, నెత్తి మీంచి కుమ్మరించి, చీరలు కట్టుకోమని ఎగతాళి చేస్తాం. మా ఊరి మగవాళ్ళు తుపాకులకు భయపడతారో లేదో గానీ, ఆ పేడ నీళ్ళకు మాత్రం భయపడతారు.

ఆ యేడు అడవి నిండా కూంబింగ్. కుందేలు మాట దేవుడెరుగు, ఉడత కూడా కనపడలేదట. పొద్దు వాలే వేళకు మగవాళ్ళంతా ఉత్త చేతులతో, దిగులుగా, ఊరి మలుపు దాకా వచ్చారు. అక్కడ బొమ్మ నిలబడి ఉంది. తర్వాత ఎవరు ఏం చెప్పినా, ముందు విల్లు ఎక్కుపెట్టింది మా చిన్నాయనే. బాణం సరిగ్గా పోయి ముక్కులో దిగింది. ఒక్క క్షణం అందరూ బిక్కచచ్చిపోయారట. ఆ తర్వాత మా ఊరి పెద్దమనిషి, డెబ్బయ్యేళ్ళ పెద్దమనిషి, "పడ్డది, పట్టుండ్రి" అని కేక పెట్టాడట.

మేం కుండలు పట్టుకొని ఎదురుచూస్తుంటే డోలు మోత వినపడింది. వేట దొరికితేనే డోలు కొడతారు. అడవిపందిని తెచ్చినట్టు కర్రకు కట్టి, నలుగురు భుజాల మీద మోసుకొస్తున్నారు. కోరలు, ఎర్ర కళ్ళు, ముక్కులో బాణం. ఖర్జూరపు చెట్టు నేలకు రాసుకుంటూ వస్తోంది. చిన్నమ్మ చేతిలో పేడ నీళ్ళ కుండ. అన్ని నెలల కడుపుతో అలాగే కింద కూలబడి, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆమె నవ్వు విని ఎన్నాళ్ళయిందో మాకు అప్పుడు తెలిసింది. ఇది వేట కింద వస్తుందా రాదా అని ఆడవాళ్ళం కాసేపు తగువు పెట్టుకున్నాం. కోరలున్నాయి, బాణం దెబ్బ ఉంది, మోసుకొచ్చారు, ఇంకేం కావాలన్నాడు పెద్దమనిషి. మామూలుగా వేటను ఇంటింటికీ పంచుతారు. దీన్ని పంచలేం కాబట్టి, మొదటి బాణం ఎవరిదో వాళ్ళకే అని తీర్పు చెప్పాడు. అలా ఆ బొమ్మ చిన్నాయన ఇంటికి చేరింది. వాన జల్లు కొట్టే పక్క గోడ కూలిపోయి ఉంటే చిన్నమ్మ దాన్ని అడ్డంగా నిలబెట్టింది. ముఖం బయటికి పెడితే ఎవరైనా చూస్తారని, ముఖం లోపలికి తిప్పింది.

బొమ్మ పోయిందని తెలిశాక సార్లు వచ్చి అడిగారు. మేం చూడలేదన్నాం. ఇళ్ళలోకి తొంగి చూశారు గానీ, గోడను ఎవరు అనుమానిస్తారు? అక్కడితో పోయేదేమో, అన్నలు ఊరుకోలేదు. ఆ బొమ్మను ప్రజల ఆగ్రహం పెకిలించిందని, తమ నాయకత్వంలోనే ఈ పని జరిగిందని కరపత్రం వేశారు. అది సార్ల చేతికి పోయింది. దాంతో ఒక చెక్క ముక్కకు ఎక్కడ లేని విలువ వచ్చింది. బొమ్మ ఎక్కడుందో కనిపెట్టాలని వైర్‌లెస్ సెట్లో రోజూ అడుగుతున్నారని బస్సు కండక్టరు చెప్పాడు. చిన్నాయనకు గుండె జారిపోయి, పొయ్యిలో పెడతానన్నాడు. చిన్నమ్మ పెట్టనివ్వలేదు.

"వానలు పోయినంక కాల్చుకో. అప్పటిదాంక అది గోడ."

ఆమె మాత్రం మళ్ళీ దవాఖానా ముఖం చూడలేదు. చెక్‌పోస్టులో రెండో బొమ్మ అలాగే ఉంది, చిన్నాయన ముక్కూ అలాగే ఉంది.

శ్రావణంలో ముసురు పట్టింది. భద్రాచలంలో గోదావరి పోటెత్తింది. పెద్ద నది నిండితే మా వాగులో నీళ్ళు ముందుకు పోవు, వెనక్కి ఎదురెక్కుతాయి. ఒకరోజు తెల్లారేసరికి వాగు గట్టు దాటి పోడు దాకా వచ్చింది. ఆ పొద్దున్నే చిన్నమ్మకు నొప్పులు మొదలయ్యాయి. ఎప్పుడూ చేసేది నులక మంచానికి కర్రలు కట్టి మోసుకుపోవడం. నలుగురు మంచం ఎత్తుకొని వాగులో దిగారు. నీళ్ళు ఛాతీ దాకా వచ్చాయి, మంచం మునుగుతోంది. వెనక్కి వచ్చేశారు. చిన్నాయన ఒడ్డున నిలబడి వాగును చూశాడు. ఇంటికి పరుగెత్తి, గోడ పీక్కొచ్చాడు.

సర్కారు ప్లైవుడ్డు, మీద దట్టంగా ఎనామిల్ పెయింటు. తెప్పలా తేలింది. దుప్పటి పరిచి, చిన్నమ్మను రాక్షసుడి మీద పడుకోబెట్టి, ఈత వచ్చిన మగవాళ్ళు చుట్టూ పట్టుకొని తోశారు. నేను ఆమె తల దగ్గర చెక్క పట్టుకొని నీళ్ళలో నడిచాను. నా కాళ్ళు నేలకు అందడం మానేసినప్పుడు చెక్క అంచు పట్టుకొని వేలాడాను. చిన్నమ్మ నొప్పికి అరుస్తూనే, మధ్యలో ఊపిరి దొరికినప్పుడు, "నీకన్న వీడే నయం. కదలకుంట పడుకున్నడు" అని చిన్నాయనతో అంది. ఆయన ఏడుస్తూ తోశాడు.

అవతలి ఒడ్డు నుంచి చెక్క మీదే మోసుకుంటూ చెక్‌పోస్టు చేరాం. బస్సుల్లేవు, ఆటోల్లేవు. జీపు ఒకటుంది, షెడ్డు కింద, పొడిగా. నేను హెడ్డు కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. ఆయన చెడ్డవాడు కాదు. ముఖం చిన్నబుచ్చుకొనే చెప్పాడు.

"జీపు ఉన్నది తల్లీ. పేషెంట్లకు ఆర్డర్ లేదు. పైకి అడగాలె."

"అడగండి సార్, జల్దీ!"

ఆయన సెట్టు దగ్గర కూర్చొని అడిగాడు. చూద్దాం అన్నారు. మళ్ళీ అడిగాడు. ఆగమన్నారు. చిన్నమ్మ గొంతు అప్పటికే పూడుకుపోయింది, అరుపు కూడా రావడం లేదు. తడిసిన దుప్పటి ఒక పక్కకు జారింది. కింద నుంచి ఒక కోర బయటపడింది, తర్వాత ఒక ఎర్ర కన్ను. ముందుగా చూసింది ఆ ఉత్తరాది కుర్రాళ్ళే. వాళ్ళు అరిచిన అరుపుకు హెడ్డు లేచి వచ్చి, వంగి చూసి, తిరిగి సెట్టు దగ్గరికి పరుగెత్తాడు.

"సార్, బొమ్మ దొరికింది సార్!"

అటువైపు గొంతు మారిపోయింది. ఏ స్థితిలో ఉందని అడిగారు. ముక్కులో బాణం దెబ్బ ఉందని చెప్పాడు హెడ్డు. బొమ్మతో పాటు ఎవరైనా దొరికారా అని అడిగారు. హెడ్డు చిన్నమ్మ వైపు చూశాడు.

"ఒక గర్భిణి సార్. నొప్పుల మీదున్నది సార్."

సెట్టు గరగరమంది. తర్వాత ఆర్డర్ వచ్చింది, మేమందరం విన్నాం. "బొమ్మను వెంటనే జీపులో భద్రాచలం తీసుకురండి. పాడుకాకుండా జాగ్రత్త."

జీపు స్టార్టయింది. ఇద్దరు కుర్రాళ్ళు చిన్నమ్మను చెక్క మీద నుంచి దింపడానికి చేతులు వేశారు. నాలో ఏం పూనిందో నాకే తెలియదు, గొంతు చించుకొని అరిచాను.

"ముట్టుకోవద్దు! చెక్క నానింది సార్. ఆమెను లేపిన్రనుకో, నడుమకు ఇరుగుతది. కోరలు ఒకదిక్కు, కాళ్ళు ఒకదిక్కు తీస్కపోయి మీ సారుకు ఇస్తరా?"

హెడ్డు నన్ను చూశాడు. ఆయనకు అర్థమైందని నాకు అర్థమైంది. గట్టిగా, అందరికీ వినపడేలా, "అవ్, ఇరుగుతది. గట్లనే ఎక్కియ్యుండ్రి" అన్నాడు. మనిషి కోసం కదలని జీపులో బొమ్మ కింద, చిన్నమ్మ పైన ఎక్కారు. చెక్క పొడుగు ఎక్కువై రాక్షసుడి కాళ్ళు వెనక బయటికే ఉన్నాయి. నేను ఎక్కాను. చిన్నాయన ముఖానికి తువ్వాలు చుట్టుకొని ఎక్కబోతే హెడ్డు ఆపాడు.

"నువ్వొద్దు."

"నా పెండ్లాం సార్."

"తెలుసు. బొమ్మను, నిన్ను ఒక్క జీపుల జూస్తే పై సారు నన్ను ఇంటికి పంపుతడు. నడిచి రా."

చిన్నాయన జీపు వెనక పరుగెత్తాడు. మలుపు దాకా కనపడ్డాడు, వానలో, తువ్వాలు జారిపోయి. ఈ సంగతి ఎవరికి చెప్పినా జీపు దగ్గర నవ్వుతారు, నేనూ నవ్వుతూనే చెబుతాను. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు. చేతిలో రాయి ఉంటే విసిరేదాన్ని, ఎవరి మీదో తెలియదు.

బొమ్మను విడదీయాలంటే ముందు దవాఖానాకే పోవాలని హెడ్డు డ్రైవరుకు చెప్పాడు. అక్కడ నర్సులు చిన్నమ్మను స్ట్రెచరు మీదికి మార్చారు. చెక్క విరగలేదు. హెడ్డు దాన్ని దులిపి, దుప్పటి నాకు మడత పెట్టి ఇచ్చి, బొమ్మను తీసుకొని పోయాడు. చిన్నమ్మకు ఆపరేషన్ చేశారు. ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరూ పోయేవాళ్ళని డాక్టరమ్మ తిట్టింది. ఇన్ని నెలలు ఎందుకు రాలేదని అడిగింది. ముక్కు వల్ల అని చెప్పలేక తల దించుకున్నాను. ఆడపిల్ల పుట్టింది, బతికింది, వార్డంతా అదిరేలా ఏడ్చింది.

చిన్నాయన మరునాడు పొద్దున చేరాడు. రోడ్డు మీద మళ్ళీ ఎవరైనా ఆపుతారని గుట్ట చుట్టూ తిరిగి వచ్చాడట, మోకాళ్ళ దాకా బురద. గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. ఎవరైనా దింపేస్తారేమోనని చూస్తున్నట్టున్నాడు. నర్సమ్మ పెద్దావిడ, మంచి మనిషి. పిల్లను గుడ్డలో చుట్టి తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. తండ్రులను సంతోషపెట్టడానికి ఎప్పుడూ అనే మాటే అంది.

"ఆడపిల్ల. అంత నాయన పోలికే. గా ముక్కు జూడు, అచ్చు దించినట్టుంది."

చిన్నాయన పిల్లను కిటికీ దగ్గరికి, వెలుతురులోకి తీసుకుపోయి చూశాడు. బొటనవేలు, చూపుడువేలుతో ఆ చిట్టి ముక్కును రెండు పక్కలా మెల్లగా పట్టుకున్నాడు.

"నూనె పెట్టి రోజు ఒత్తితే సన్నగయితదా అమ్మా?" అన్నాడు నర్సమ్మతో. "ఈ పిల్ల బస్సెక్కాలె గద."

నర్సమ్మకు ఏమీ అర్థం కాలేదు. చిన్నమ్మ మంచం మీద కళ్ళు మూసుకొని ఉంది, నిద్రపోతోందనుకున్నాం. ఆపరేషనైన మనిషి, గొంతు పూర్తిగా పోయింది. అయినా వార్డులో అందరికీ వినపడింది.

"చెయ్యి తియ్. ఆ ముక్కు జూసే నీ ఇంటికి వచ్చిన. దాన్ని ముట్టుకోకు."

చిన్నాయన చెయ్యి తీశాడు.